పన్ను పీకడం సులువు, ముద్ద మింగించడం కష్టం

దంతవైద్యంలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను మొట్టమొదట అడిగేది, పన్ను విరగకుండా పీకడం ఎట్లా అని. విరుగుతుంది. విరిగిన ముక్కను మళ్లీ పీకాలి. ఆ పాఠం అంతే. రెండో ప్రశ్న ఒకటి ఉంది, దాన్ని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. పీకించుకున్న మనిషి దూది కరిచిపట్టుకుని ఇంటికి పోయాక ఏం తింటాడు? నోరు మన కుర్చీలో తెరుచుకుంటుంది గాని, కడుపు వాళ్లింటి వంటగదికి కట్టేసి ఉంటుంది.

ఎక్కడెక్కడ పనిచేశానో, ఏ మెట్టు ఎప్పుడెక్కానో ఇక్కడ రాయను. వీడ్కోలు సభలో ఒకాయన అవన్నీ వరసగా చదివాడు. సన్మానం నాదే అయినా ఆవులింత వచ్చింది. నోరు తెరవకుండా ఆవులించడం మాత్రం వృత్తిలో నేర్చుకున్నదే. కాబట్టి నా మొదటి కొలువు గురించి, అందులోనూ ఒక పెద్దావిడ అన్నం తినకపోవడం గురించి మాత్రమే చెబుతాను. మిగతా ఉద్యోగమంతా దానికి పొడిగింపే.

పెద్ద సారు మెనూ

అరవైల చివరి మాట. తార్నాకను ఆనుకుని ఉన్న విశ్వవిద్యాలయం క్యాంపస్‌లో విద్యార్థులకూ, ఉద్యోగులకూ, వాళ్ల ఇంటివాళ్లకూ కలిపి ఒక చిన్న ఆస్పత్రి ఉండేది. అందులో వరండా చివరి గది పళ్ల గది. కాలితో తొక్కితే తిరిగే డ్రిల్లు ఒకటి, కిందికి దిగడం మానేసిన కుర్చీ ఒకటి ఉండేవి. పొడుగాటి ప్రొఫెసర్లు వస్తే నేనే స్టూలెక్కి వాళ్ల నోట్లోకి తొంగిచూసేవాణ్ణి. చదువు అప్పుడే పూర్తయింది. కాచిగూడలో అద్దె గది, బస్సులో రాకపోకలు, ఒంట్లో కండ తక్కువ, నోట్లో మాట ఎక్కువ.

నాపైన డాక్టర్ ఓబులేసు గారు. అనంతపురం జిల్లా మనిషి, మద్రాసులో చదువు, గుమ్మంలోంచి తల వంచి వచ్చేంత ఎత్తు. ఆయన గొంతు వింటేనే రోగికి సగం మత్తు ఎక్కేది. చేతి పనికి మాత్రం దండం పెట్టాలి. పన్ను ఊడిందని రోగికి తెలిసేది అది పళ్లెంలో టంగుమన్నాకే.

పీకాక ఆయన చేతులు కడుక్కుంటూ, గోడవైపు చూస్తూ, ఎవరికైనా సరే ఒకే మంత్రం చదివేవారు. కస్టర్డ్, జెల్లీ, క్రీమ్ సూప్, మ్యాష్డ్ పొటాటో. అందరూ తలూపేవాళ్లు. నోట్లో దూది ఉన్న మనిషి తల ఊపక ఇంకేం చేస్తాడు. తలుపు దాటాక నన్ను పట్టుకునేవాళ్లు.

అంబర్‌పేట నుంచి సైకిల్ మీద వచ్చే తోటమాలి ఒకాయన దవడ పట్టుకుని అడిగాడు.

"కస్టర్డంటే ఏంది సారు, మాత్రనా, టానిక్కా?"

"తినేదే."

"యాడ దొర్కుతది?"

"మా పుస్తకాల్లో."

ఆయన కాసేపు ఆలోచించి, "గట్లయితే ఇంట్ల పెరుగు తింట తియ్యి" అని సైకిలెక్కాడు. నేను చెప్పాల్సిన వైద్యం ఆయనే చెప్పేసుకున్నాడు.

అందరూ అంత తేలిగ్గా బయటపడేవాళ్లు కాదు. హాస్టల్ కుర్రవాడొకడు పీకించుకున్న మర్నాడే రక్తం కారుతూ వచ్చాడు. వేడివి వద్దన్నాం కదా అంటే, వేడివేం ముట్టలేదు సార్, పొగలు కక్కే బార్లీ నీళ్లు మాత్రమే తాగాను, బార్లీ చలువ కదా అన్నాడు. వాడి లెక్కలో తప్పు లేదు. ఆ రోజు నుంచి నేను వేడి, చల్లన అనే మాటలు మానేశాను. గిన్నెలో వేలు పెడితే కాలకూడదు అని చెప్పడం మొదలుపెట్టాను. మీరూ అలాగే చెప్పండి.

నేను చెప్పేవన్నీ ఇలాంటివే. పెరుగన్నం మెత్తగా పిసకండి, కాని తాలింపు వేయకండి. ఆవగింజ పంటి గుంటలో దూరితే దాన్ని బయటికి తీయడానికి మళ్లీ మా దగ్గరికే రావాలి. సగ్గుబియ్యం జావ ఆరబెట్టుకుని తాగండి. ఇడ్లీ పాలల్లో నానబెట్టండి. అరటిపండు మంచిది. అటుకులు వద్దు, నువ్వులు వద్దు, కారం అసలొద్దు. జుర్రుకోవద్దు, పుక్కిలించి ఉమ్మొద్దు. ఇందులో గొప్ప శాస్త్రమేమీ లేదు. గుంటలో గడ్డకట్టిన నెత్తురును కదల్చకుండా ఉంచడమే శాస్త్రం. అది కదలకపోతే పుండు తనంతట తానే మానుతుంది, పేరు మనకొస్తుంది.

ఇదంతా తెలుసుకుని, ఇక నాకు తెలియనిది లేదనుకుంటున్న రోజుల్లో బాలమ్మ గారు వచ్చారు.

పళ్లతో పంచాయితీ లేని మనిషి

కొడుకు నర్సింహ గారు క్యాంపస్‌లో లెక్చరర్. రాళ్లు, ఖనిజాల పాఠం చెప్పేవాడు. తార్నాకలో ఒక ఇంట్లో వెనక పోర్షన్ అద్దెకు తీసుకుని తల్లినీ, భార్యనూ నల్లగొండ దిక్కు పల్లె నుంచి తెచ్చుకున్నాడు. తల్లి చిగుళ్లన్నీ చీము పట్టాయి. పళ్లు వేలితో తాకితే ఊగుతున్నాయి. అన్నీ తీసేసి, చిగుళ్లు గట్టిపడ్డాక కట్టుడు పళ్లు పెట్టాలని ఓబులేసు గారు తేల్చారు.

కుర్చీ ఎక్కిన ముసలివాళ్లు సాధారణంగా దేవుణ్ణి తలుచుకుంటారు. ఆవిడ చీర కుచ్చిళ్లు సర్దుకుని, "పీకు సారు, వాటితోని నాకేం పంచాయితి లేదు" అన్నారు. దఫదఫాలుగా తీశాం. ఒక్కసారీ మూలగలేదు. ఆఖరి పన్ను పోయిన రోజు ఓబులేసు గారు గోడవైపు తిరిగి మంత్రం చదివారు. కస్టర్డ్ దగ్గర ఆవిడ కనుబొమ్మ ఒకటి పైకి లేచి, మ్యాష్డ్ పొటాటో దగ్గర కిందికి దిగింది. నేను వరండాలో నా తాలింపు ఉపన్యాసం ఇచ్చాను. కొడుకు తలూపాడు.

కొన్నాళ్లకు చిగుళ్లు చూపించుకోవడానికి వచ్చారు. చిగుళ్లు బ్రహ్మాండంగా మానుతున్నాయి. ఎక్కడా ఒక మెతుకు లేదు, పాచి లేదు, పెరుగు చార కూడా లేదు. పుస్తకం రాసినవాడు చూస్తే బొమ్మ తీసుకుని పోతాడు. అంత శుభ్రం చూసే నాకు అనుమానం వచ్చింది. తినే నోరు అంత శుభ్రంగా ఉండదు. పైగా నాలుక ఎండిపోయి ఉంది, మణికట్టు మీద గాజులు వదులుగా మోచేతి దాకా జారుతున్నాయి.

"ఏం తింటున్నారమ్మా?"

"అన్ని."

"అన్నీ అంటే?"

"మీ పెద్ద సారు చెప్పినయే."

"కస్టర్డా?"

"గదే."

తార్నాక మొత్తంలో కస్టర్డ్ రుచి తెలిసిన ఇల్లు ఒకటో రెండో ఉంటాయి, వాటిలో ఈవిడది లేదు. అయినా ఆవిడ చూపు ఎంత నిబ్బరంగా ఉందంటే, ఇంకో ప్రశ్న అడిగే ధైర్యం నాకు రాలేదు. చిగుళ్లు బాగున్నాయని పంపేశాను. చిగుళ్లు నిజంగానే బాగున్నాయి.

వేరే గదిలోంచి వచ్చిన కేసు

తర్వాతి వారం ఆస్పత్రిలో ఆడవాళ్లను చూసే లేడీ డాక్టర్ గారు నన్ను పిలిపించారు. అక్కడ బెంచీ మీద నర్సింహ గారి భార్య సులోచన పడుకుని ఉంది. ఇరవై ఏళ్లు దాటి ఉండవు. కడుపుతో ఉంది. వంటింట్లో కళ్లు తిరిగి పడిపోతే రిక్షాలో తెచ్చారు.

"పళ్లు బానే ఉన్నట్టున్నాయే" అన్నాను.

"జోకులు తర్వాత" అన్నారు డాక్టర్ గారు. "ఈ అమ్మాయి సరిగ్గా తిని చాలా రోజులైంది. కడుపులో బిడ్డ ఎదగాల్సినంత ఎదగడం లేదు. ఇట్లాగే సాగితే బిడ్డ దక్కుతుందని నేను చెప్పలేను. మందు నా దగ్గర లేదు. మీ గదిలో ఉంది."

విషయం ఏమిటంటే, ఆ ఇంట్లో భోజనానికి ఒక వరస ఉంది. కొడుకు తిన్నాక అత్త, అత్త తిన్నాక కోడలు. ఎవరూ బలవంతం పెట్టింది కాదు. సులోచన పుట్టింట్లోనూ అదే వరస. అత్త తినకుండా కోడలు కంచంలో చెయ్యి పెట్టడం అంటే, వాళ్ల లెక్కలో అత్త బతికి ఉండగానే లేదనుకోవడం. అత్త ఇప్పుడు తినడం లేదు. రోజుకు ఇన్ని మజ్జిగ నీళ్లు తాగి 'తిన్న' అంటుంది. కోడలు కూడా ఇన్ని మజ్జిగ నీళ్లు తాగి ఊరుకుంటోంది.

నర్సింహ గారిని పక్కకు తీసుకుపోయి అడిగాను.

"మీరేం చేస్తున్నారు సార్?"

"ఇద్దరికీ గట్టిగ చెప్పిన సార్. తినాలె అని చెప్పిన. ఇద్దరు సరే అన్నరు."

"తర్వాత?"

"నేను తిని కాలేజీకొచ్చిన."

రాళ్ల గురించి పాఠం చెప్పే మనిషిని అంతకంటే నొక్కి లాభం లేదు. సాయంత్రం నేనే వస్తానన్నాను. దంతవైద్యులు ఇళ్లకు వెళ్లరు. పటకారు చేత పట్టుకుని వీధిలో నడిచే వైద్యుడంటే జనానికీ అంత ఇష్టం ఉండదు. కానీ ఇందులో మా గది చెయ్యి ఉంది. పన్ను పీకి నాలుగు ఇంగ్లీషు మాటలు చెప్పి పంపింది మేమే. ఒక నోటికి వైద్యం చేశామనుకున్నాం, దాని వెనక మూడు కడుపులున్నాయని తెలియదు. ఆ బిడ్డకేమైనా అయితే, గుంటలు చక్కగా మానాయని రాసుకుని కూర్చోవడం నా వల్ల కాదు. ఈ ముసలావిడ చేత ముద్ద మింగించే దాకా వదలకూడదని రిక్షా వెనకాలే చూస్తూ అనుకున్నాను.

బ్రెడ్డు ఎవరు తింటారు

తార్నాక ఇల్లు చిన్నది. ముందు గది, వంటిల్లు, వెనక బండల మీద తులసి కుండీ. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి బాలమ్మ గారు గోడకానుకుని చాప మీద కూర్చున్నారు. సులోచన వంటింటి గుమ్మంలో నిలబడింది. మెత్తటివని కొడుకు కొట్లో కొని తెచ్చినవన్నీ కిటికీలో బారుగా ఉన్నాయి. బ్రెడ్డు పొట్లం, పాలపొడి డబ్బా, బార్లీ డబ్బా. దేని మూతా తీయలేదు.

"మీరు తినకపోతే కోడలు కూడా తినదని తెలుసా అమ్మా?"

"నేను తినొద్దన్ననా సారు? తినమనే అన్న. అడుగున్రి."

సులోచన నేల చూస్తూ, "అన్నరు" అంది.

"మరి తినొచ్చు కదమ్మా."

"అత్తమ్మ తిన్నంక తింట."

"నేను తిన్న" అన్నారు బాలమ్మ గారు.

"గిన్నె అట్లనే ఉన్నది అత్తమ్మ."

లాలాగూడ రైల్వే వర్క్‌షాప్ కూత వినిపించింది. ఇద్దరిలో ఎవరూ గొంతు పెంచలేదు, ఎవరూ కన్నీళ్లు పెట్టలేదు. ఏడుపు ఉంటే నాకు పని తేలిక. ఏడ్చేవాళ్లు ఎక్కడో ఒకచోట ఆగుతారు. ఇక్కడ ఇద్దరూ మర్యాదగా, ఒకరంటే ఒకరికి గౌరవంతోనే, ఆకలికి చచ్చిపోవడానికి సిద్ధంగా ఉన్నారు.

నేను కిటికీలోవి ఒక్కొక్కటీ అడగడం మొదలుపెట్టాను.

"బ్రెడ్డు ఎందుకు తినలేదమ్మా?"

"గది జరమొచ్చినోళ్లు తినేది. దవఖానల పెడ్తరు. నాకేం జరమొచ్చింది?"

"సరే. జావ?"

"మా అత్త పోయేముందు నేనే తాపిచ్చిన జావ. చెంచతోని. తెల్సు నాకు, అది ఎప్పుడు తాపిస్తరో."

"అన్నం మెత్తగా పిసికి, పెరుగు కలిపి?"

"చంటిపిల్లలకు పెడ్తరు."

"గట్క ఉంది కదా. మీ దిక్కు జొన్న గట్క. మెత్తగా ఉంటుంది, కడుపు నిండుతుంది."

అప్పటిదాకా నెమ్మదిగా జవాబిస్తున్న మనిషి నిటారుగా కూర్చున్నారు.

"కరువుల తిన్నం సారు గట్క. రొట్టెకు పిండి లేక, ఇన్ని నూకలు ఉడకేసుకొని, కుండల చెయ్యి పెట్టి తిన్నం. నా కొడుకు సారయిన నాడు ఒట్టు పెట్టుకున్న, ఇగ ఈ ఇంట్ల గట్క కుండ పొయ్యెక్కదని. ఇరుగుపొరుగు అందరు ఆఫీసరోళ్లు. నాలుగు గింజలకు గతిలేకొచ్చిండ్రు అనుకోరా?"

అయితే ఆవిడ తినదలుచుకున్నది ఒక్కటే. జొన్న రొట్టె. మధ్యాహ్నం ఆవిడే చేత్తో తట్టి, పెనం మీద వేసి, మొదటి రొట్టె తాను విరిచాకే ఆ ఇంట్లో ఆడవాళ్ల భోజనం మొదలయ్యేది. ఇప్పుడు పళ్లు లేవు. రొట్టె లేదు. దాంతో అంతా ఆగిపోయింది.

"కట్టుడు పళ్లు వచ్చేదాకా కొన్ని నెలలే కదమ్మా. అప్పటిదాకా మెత్తటివి తింటే ఏమవుతుంది?"

ఆవిడ సులోచన వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించారు.

"పెద్దమనిషి మెత్తగ తింటే, ఇంట్ల ఆమె మాట గూడ మెత్తబడ్తది సారు."

నేను నవ్వలేదు. నవ్వే అలవాటున్న మనిషిని కాబట్టి ఎక్కడ నవ్వకూడదో నాకు బాగా తెలుసు. కొత్తవాళ్లకు చెబుతున్నాను, మీ పుస్తకంలో మెత్తటి ఆహారం అని ఒకే పేజీ ఉంటుంది. రోగి ఇంట్లో ఆ పేజీలోని ఒక్కో పదార్థానికీ ఒక్కో పరువు ఉంటుంది. ఒకటి రోగిది, ఒకటి చావబోయేవాడిది, ఒకటి పసివాడిది, ఒకటి పేదవాడిది. ఇవి నాలుగూ కాని మనిషికి ఏం పెట్టాలో ఆ పేజీ చెప్పదు.

ఒక ఉపాయం మాత్రం వేశాను. కోడలికి బలం కావాలి, మీరే మెత్తగా వండి, ఉప్పూ పులుపూ సరిపోయిందో లేదో రుచి చూసి పెట్టాలి, ఇది డాక్టర్ ఆర్డర్ అన్నాను. రుచి పేరుతో గిన్నెడు లోపలికి పోతుందని నా లెక్క. బాలమ్మ గారు నన్ను జాలిగా చూశారు.

"సారు, నేను ముగ్గురు పిల్లల్ని పెంచిన. గీ ఉపాయాలన్ని నేనే కనిపెట్టిన. నువ్వు మంచోనివి. చాయ తాగి పో."

చాయ తాగి వచ్చేశాను. బస్సులో ఊరంతా జొన్న రొట్టెల చప్పుడే వినిపించింది.

మూసిన తలుపు

మర్నాడు మధ్యాహ్నం నాకు తట్టింది. తట్టడం అంటే మెరుపేమీ మెరవలేదు. ఆకలేసింది, ఓబులేసు గారి గదిలోంచి పులుసు వాసన వచ్చింది.

ఓబులేసు గారు భోజనం వేళకు తలుపు గడియ పెట్టుకునేవారు. ఇంటి నుంచి స్టీలు క్యారియర్ వచ్చేది. ఎవరూ లోపలికి వెళ్లకూడదు. ఆయన లోపల ఆపిల్ పళ్లు కోసుకుని ఫోర్కుతో తింటారని క్యాంపస్ అభిప్రాయం. ఒకసారి సంతకం కోసం కిటికీ దగ్గరికి వెళ్లి నేను చూశాను. ముదురు రంగు రాగి సంకటి ముద్ద, పక్కన పులుసు. ఆయన ముద్ద చిదిమి, పులుసులో ముంచి, నోట్లో వేసుకుని, నమలకుండా మింగేవారు. నోట్లో పళ్లన్నీ ఉన్న మనిషి, పళ్ల డాక్టరు, ఒక్క పన్నుకూ పని చెప్పకుండా భోజనం ముగించేవారు. మనకు కస్టర్డ్, ఆయనకు సంకటి.

చిగుళ్లు మరోసారి చూడాలని బాలమ్మ గారికి కబురు పెట్టాను. మర్నాడు మధ్యాహ్నం అని వేళ కూడా నేనే చెప్పాను. లాలాగూడ మధ్యాహ్నం కూత వేసేసరికి కొడుకు సైకిల్ రిక్షాలో దింపిపోయాడు. ఆవిణ్ణి వెంటబెట్టుకుని ఓబులేసు గారి తలుపు తట్టాను. లోపల నుంచి "యెవరప్పా?" అని గర్జన వచ్చింది. "రక్తం కారుతోంది సార్" అన్నాను. గడియ తీశారు. చేతిలో ముద్ద అలాగే ఉంది.

"యాడ రక్తం?"

"ఇప్పుడే ఆగింది సార్."

ఆయన నన్ను చూసిన చూపుకు ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. పోతే కాచిగూడ నుంచి బస్సు ఖర్చు మిగులుతుంది అని సర్దుకున్నాను కూడా. ఈలోగా బాలమ్మ గారు నన్ను దాటుకుని లోపలికి వెళ్లి బల్ల మీది క్యారియర్ వైపు చూశారు. పెద్దావిడ కాబట్టి ఓబులేసు గారు ఏమీ అనలేక, చేతిలో ముద్ద ఏం చేయాలో తెలియక, నోట్లో వేసుకుని మింగారు.

"ఈ సారుకు పళ్లు లేవా?" అని నన్ను అడిగారు బాలమ్మ గారు.

"అన్నీ ఉన్నాయమ్మా. రాయి కొరికే పళ్లు."

"మరి నములుతలేడేంది?"

అనంతపురం మనిషి ఏది ఓర్చుకున్నా సంకటి మీద మాట పడనివ్వడు.

"సంకటిని నములుతారామ్మా యాడన్నా? మింగల్ల. నమిల్తే దాన్ని అవమానం చేసినట్ల."

"మీ ఇండ్లల్ల అందరు గిట్లనే తింటరా?"

"అందురూ ఇంతే. మా నాయన పొయ్యేదంకా ఇదే తిన్యాడు. ఆయన అరుగు మీద దగ్గితే ఊరంతా లేచి నిలబడేది."

బాలమ్మ గారు క్యారియర్ దగ్గరగా వంగి చూశారు.

"గట్కనే గదా ఇది. జర నల్లగున్నది."

"గట్క గాదు. సంకటి. రాగి."

"మాది జొన్న. తెల్లగ, మల్లెపువ్వు తీరుగుంటది. దీనికన్న మంచిగుంటది."

"ఏమ్మా, రాగికి జొన్న సాటొస్తాదా?"

ఆ రోజుల్లో క్యాంపస్‌లో ఎవరిది ఏ జిల్లా అన్నది అడిగాకే చాయ పోసేవాళ్లు. ఈ ఇద్దరూ జిల్లాల గొడవను ఏకంగా ధాన్యాల దాకా తీసుకుపోయారు. నేను మధ్యలో నిలబడి, గట్క పేరెత్తితే మొన్న నిటారుగా కూర్చున్న మనిషి ఇవాళ దాని తరఫున వాదించడం వింటున్నాను.

ఉన్నట్టుండి బాలమ్మ గారు వాదన ఆపి అడిగారు.

"మరి గింత మంచిదైతే తలుపేసుకొని తింటవేంది సారు?"

ఓబులేసు గారు క్యారియర్ గిన్నె మూత తీసి మళ్లీ పెట్టారు. అంత పెద్ద మనిషి మొహంలో, పన్ను నొప్పిని దాచుకునే పిల్లవాడి మొహం ఒక క్షణం కనిపించింది.

"ఈడ అందురూ... ఏమనుకుంటారో అని" అన్నారు చివరికి.

"మా తార్నాకల గూడ గంతే" అన్నారు బాలమ్మ గారు.

తర్వాత కొంగు భుజం మీదికి లాక్కుని, సంతలో ఎద్దుకు బేరం తెంచినట్టు ఒకే మాటలో తేల్చారు.

"నువ్వు రేపటి సంది తలుపు తీసి తిను సారు. నేను నా కోడలి ముంగట తింట."

"మరి మీ ఒట్టో?" అని నేను గుర్తుచేశాను. చేయకుండా ఉండాల్సింది.

"నేను పెట్టుకున్న ఒట్టే గదా. నేనే తీస్త. నడుమ నువ్వెవరు?"

ఓబులేసు గారు నవ్వారు. ఆ గదిలో చేరాక ఆయన పళ్లన్నీ నేను అప్పుడే చూశాను. మంచి పళ్లు.

మనం చెప్పే ముందు అడగాల్సింది

పిల్లలూ, ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త ఉంది. గట్క అంటే జొన్న రవ్వ. మానుతున్న గుంటలో రవ్వ ఇరుక్కుంటుంది. అందుకని పిండి మెత్తగా విసిరి, సన్నని జల్లెడ పట్టి, సంకటిలా ముద్ద కట్టాలి, కారం లేని పప్పులో ముంచుకోవాలి, వేలు పెట్టి చూసుకుని తినాలి అని ఆవిడకు చెప్పాను. ఈసారి అన్నీ శ్రద్ధగా విన్నారు. ముందు ఎందుకు వినలేదంటే, ముందు మేము ఆవిడకు రోగి తిండి చెప్పాం. ఇప్పుడు ఆవిడ తన తిండికి మా సలహా తీసుకుంటున్నారు.

ఓబులేసు గారు ఆ తర్వాత కస్టర్డ్ మానేశారు. రోగి చేతిలో చెయ్యి వేసి, "మీ ఇంట్లో మెత్తగా ఉండేదేందప్పా?" అని అడగడం మొదలుపెట్టారు. ఆయన పటకారు పనికంటే ఆ ఒక్క ప్రశ్న గొప్పదని నా అభిప్రాయం. దానికి నేను ఇంకో ప్రశ్న కలిపాను, ఉద్యోగం చేసినన్నాళ్లూ అడిగాను. మీ ఇంట్లో ముందు ఎవరు తింటారు, ఆ తర్వాత ఎవరు? జనం ఇదేం పళ్ల డాక్టరు అని చూస్తారు. చూడనివ్వండి. అడగండి. పన్ను ఒకరిదే. ఆకలి వరసలో ఉంటుంది.

తార్నాకలో మధ్యాహ్నం

బేరం నిలబడిందో లేదో చూడాలని మర్నాడు భోజనం వేళకు తార్నాక వెళ్లాను. బయలుదేరేటప్పుడు ఓబులేసు గారి తలుపు బార్లా తెరిచి ఉంది. వరండాలో వరస కట్టిన రోగులు ఆయన గొంతులోంచి ముద్ద దిగడం ఆసక్తిగా చూస్తున్నారు.

నర్సింహ గారు తిని కాలేజీకి వెళ్లిపోయాడు. వంటింట్లో బాలమ్మ గారు పీట మీద కూర్చున్నారు. ముందర కంచంలో తెల్లటి ముద్ద, పక్కన పప్పు. తలుపులు, కిటికీలు అన్నీ తీసి ఉన్నాయి. పక్కింటి ఆవిడ గోడ మీదుగా చూస్తే, ఈవిడ కంచం ఇంకొంచెం అటువైపు జరిపారు, సరిగ్గా కనబడాలని.

సులోచన ఎదురుగా కూర్చుంది. ఆమె ముందరి కంచం ఖాళీ. చేతులు ఒళ్లో పెట్టుకుని అత్త గొంతు వైపే చూస్తోంది. కళ్ల కింద నలుపు, ముంజేతి ఎముక తేలి ఉంది. పొట్ట ఒక్కటే ఇంట్లో ఇంకొకరున్నారని చెబుతోంది. లేడీ డాక్టర్ గారి మాటలు గుర్తొచ్చి, నేనూ ఆ గొంతు వైపే చూశాను.

బాలమ్మ గారు ముద్ద చిదిమారు. పప్పులో ముంచారు. నోట్లో పెట్టుకున్నారు. దవడ అలవాటు కొద్దీ ఒకసారి కదిలి, పని లేదని ఆగిపోయింది. కళ్లు మూసుకున్నారు. ముద్ద నెమ్మదిగా గొంతు దాటింది.

కళ్లు తెరిచి ఇంకో ముద్ద తీసుకున్నారు. తర్వాత ఇంకోటి. అప్పుడు సులోచన లేచి గిన్నెలోంచి తన కంచంలో వడ్డించుకుంది. మొదట కొంచెమే పెట్టుకుంది. అత్త ఏమీ అనకుండా గరిటె తీసుకుని ఇంకింత వేశారు. దాని మీద నెయ్యి వేశారు. సులోచన తల వంచుకుని తినడం మొదలుపెట్టింది. మధ్యలో తలెత్తలేదు, మాట్లాడలేదు. కంచం ఖాళీ అయ్యాక, "ఇంక జర పెట్టున్రి అత్తమ్మ" అంది. ఎన్నాళ్లుగానో ఆ ఇంట్లో ఎవరూ అనని మాట అది.

"పెడ్త బిడ్డా. తిను."

పళ్లు లేని నోటితో అన్నది కాబట్టి మాట కొంచెం గాలిగా వచ్చింది. మెత్తగా మాత్రం రాలేదు. సులోచన వెంటనే తిన్నది.

గుమ్మంలో నిలబడి ఉన్న నన్ను అప్పుడు చూశారు బాలమ్మ గారు. డాక్టరు ఉత్త కడుపుతో పోతే ఇంటికి అరిష్టమని నాకూ ఒక కంచం పెట్టారు. నేను కూర్చుని, ముద్ద పప్పులో ముంచి, నోట్లో పెట్టుకుని, పుట్టినప్పటి నుంచి ఉన్న అలవాటు ప్రకారం నమలడం మొదలుపెట్టాను.

బాలమ్మ గారు చెయ్యి ఆపి నా దవడ వైపు చూశారు.

"నములుతవేంది సారు? పళ్లు లేనోళ్ల ఇంటికొచ్చి పళ్లు చూపెడ్తవా? మింగు."

సులోచన నోటినిండా గట్కతో నవ్వింది. నవ్వుతూనే మింగింది. నేనూ మింగాను.